గినీ వేరు, గినీ బిస్సౌ వేరు

సంపాదకుడు గారికి,

మొన్న 2025 నవంబరు ఆఖరి వారంలో మీ పత్రిక లోపలి పేజీలో, అడుగున, ‘గినీలో సైనిక తిరుగుబాటు’ అని నాలుగు లైన్లు వేశారు. అది జరిగింది గినీలో కాదండీ, పడమటి ఆఫ్రికాలో దాని పక్కనున్న గినీ బిస్సౌలో. సవరణ వేస్తారేమోనని వారం రోజులు చూసి, విసుగొచ్చి రాస్తున్నాను.

పైగా ‘అక్కడ ఇవి మామూలే’ అని ఓ ముక్తాయింపు. ఎందుకు మామూలయ్యాయో రాయడానికి చోటు లేదు గానీ, అదే పేజీలో ఓ సినిమా హీరో గడ్డానికి పావు పేజీ దొరికింది.

పోర్చుగీసు వాళ్ల మీద పదేళ్లు అడవుల్లో పోరాడి తెచ్చుకున్న స్వాతంత్ర్యం వాళ్లది. ఆ పోరాటం నడిపిన అమిల్కార్ కబ్రాల్‌ను 1973 జనవరిలోనే చంపేశారు. తుపాకీ పట్టిన సైన్యం మాత్రం రాజకీయాలు వదల్లేదు. కబ్రాల్ తమ్ముడే తొలి అధ్యక్షుడు; ఆయన్ని 1980లో దించేసింది అప్పటి ప్రధాని వియెరా. ఆ వియెరానూ 2009లో సైనికులే చంపారు. 2012లో రెండో విడత పోలింగ్ జరగనివ్వలేదు. ఇప్పుడు ఎన్నికల ఫలితాలు రేపనగా మళ్లీ దిగారు.

ఇక తిండి సంగతి. ఎగుమతుల్లో నూటికి తొంభై పాళ్లు జీడిపిక్కలే. అవీ పప్పు తీయకుండా, పచ్చిగా, మన దేశానికో వియత్నాంకో ఓడెక్కుతాయి. పిక్కలిచ్చి బదులుగా బియ్యం తీసుకునే రైతులున్నారక్కడ. ధర పడిన ఏడు ఆ బియ్యమూ తగ్గుతాయి.

ఇదంతా నాకెందుకంటారా? మాది పలాస. ఇక్కడి జీడి పరిశ్రమల్లో ఆడే పిక్కల్లో ఆఫ్రికావి తక్కువేం కాదు. వాటి వల్లే ధర పడిందని మా ఉద్దానం రైతు మొత్తుకుంటాడు. అదీ నిజమే. కానీ అక్కడి రైతు మాత్రం ఏం బాగుపడ్డాడని? 2018లో తిత్లీ తుపానుకి తోటలు పోయినప్పటి నుంచీ మావాళ్లు గిట్టుబాటు ధర అడుగుతూనే ఉన్నారు. ఓసారి మీటింగుకు పిలిచిన అధికారులు మావాళ్లు చెప్పింది విని, ప్లేట్లో వేయించిన జీడిపప్పు పెట్టి పంపించారు. బస్తా రేటెంతో ఆ గదిలో ఒక్కరికీ తెలీదు!

ఒకప్పుడు మీ పత్రికలో విదేశీ వార్తలకు మ్యాపు కూడా వేసేవారు. మ్యాపు అక్కర్లేదు, సవరణ ఏ మూల వేసినా పర్వాలేదు. దేశం పేరు మాత్రం పూర్తిగా వేయండి.

— ఓ పాత చందాదారు, పలాస