తాళంచెవిలోని ఆ మధ్య మెట్టు

సంపాదకుల వారికి నమస్కారములు.

మొన్నటి సంక్రాంతికి మా ఇంట్లో పాత కారు అమ్మేసి, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే ఆటోమేటిక్ కారు కొన్నాము. ముప్పై ఏళ్ల పాటు తాళంచెవి తిప్పిన చేతికి బటన్ అలవాటు కావడానికి వారం రోజులు చాలాయి గానీ, ఒక్క చిన్న సంగతి మాత్రం నెల దాటినా కొరుకుడు పడలేదు. ఇంజను ఆపిన తరువాత కూడా కారులో స్టీరియో మోగాలన్నా, ఫోను చార్జింగ్ సాగాలన్నా ఏం చేయాలన్నదే ఆ సంగతి. చూడడానికి ఇది ఇంటి గొడవలా కనిపించినా, దీని పొగ నలుగురి ముక్కుల్లోకీ పోతున్నది కనుక మీ పత్రిక ద్వారా చెప్పుకోవాలనిపించింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మనవరాలు ట్యూషన్‌కు వెళ్తుంది. ఒక సాయంత్రం ఆమెను తీసుకురావడానికి వెళ్తూ మా అమ్మను కూడా వెంట తీసుకువెళ్లాను. దారి పొడవునా ఆమె కారు స్టీరియోలో ప్రవచనం వింటున్నది. ట్యూషన్ ముందు కారు నిలిపి బటన్ నొక్కగానే, సరిగ్గా మొసలి గజేంద్రుడి కాలు పట్టుకున్న చోట ప్రవచనం ఠక్కున ఆగిపోయింది. "ఏమిట్రా, ఆపేశావేం?" అన్నది అమ్మ. మళ్లీ బటన్ నొక్కితే ఇంజనే స్టార్ట్ అయింది. ఆపాను, నొక్కాను, మళ్లీ అదే. నాలుగోసారికి విసిగిపోయి ఇంజనును అలాగే వదిలేశాను. పావుగంట గడిచిందో లేదో, వెనుక మిర్చిబజ్జీల బండి ఆయన వచ్చి అద్దం తట్టి, "సార్, జర బండి బంద్ చేయండి, పొగంతా బజ్జీల మీదికే వస్తున్నది" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది కనుక ఇంజను ఆపేశాను. గజేంద్రుడికి ఆ పూట మోక్షం దొరకలేదు.

అసలు కిటుకు చెప్పింది షోరూమ్ వారు కాదు, మా కాలనీలో ఉండే ఒక క్యాబ్ డ్రైవరు. "బ్రేకు మీద నుంచి కాలు తీసి నొక్కండి పెద్దాయనా" అన్నాడు, అంతే. బ్రేకు పెడల్ తొక్కి బటన్ నొక్కితే ఇంజను స్టార్ట్ అవుతుంది. గేరు మార్చుకునే కార్లలో అయితే బ్రేకుకు బదులు క్లచ్ తొక్కాలి. ఏ పెడల్ మీదా కాలు పెట్టకుండా ఒకసారి నొక్కితే ఇంజను జోలికి పోకుండా యాక్సెసరీలకు, అంటే స్టీరియో, చార్జింగ్ లాంటివాటికి మాత్రమే కరెంటు వస్తుంది, రెండోసారి నొక్కితే ఇగ్నిషన్ ఆన్ అవుతుంది, అంటే ఇంజను తిరగకుండానే బండిలోని మిగతా వాటికీ కరెంటు అందుతుంది, మూడోసారికి అన్నీ ఆగిపోతాయి. చాలా కార్లలో బటన్ మీద వెలిగే చిన్న దీపం రంగు కూడా దీన్ని బట్టి మారుతుంది. దశాబ్దాల అలవాటు వల్ల నా కుడికాలు బ్రేకును వదలలేదు కనుకనే ఇంజను నాలుగుసార్లు స్టార్ట్ అయింది. తప్పు బండిది కాదు, నా కాలిది.

తాళంచెవి ఉన్న రోజుల్లో ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. లాక్, యాక్సెసరీ, ఆన్, స్టార్ట్ అని నాలుగు మెట్లుండేవి. ఇంజను ఆపడానికి చెవిని ఒక మెట్టు వెనక్కి తిప్పి వదిలేస్తే పాట సాగుతూనే ఉండేది, ఇంకో మెట్టు తిప్పితే అంతా ఆగిపోయేది. ఆ 'టక్కు'మనే శబ్దంతో వేళ్లే నేర్చుకునేవి. బటన్‌కు ఆ మెట్లు లేవు. గేరును పార్కింగులో వేసి ఇంజను ఆపితే చాలా కార్లు ఆ మధ్య మెట్టు మీద ఆగకుండా నేరుగా చివరికి పోతాయి, కొన్ని మాత్రం డ్రైవరు తలుపు తీసే వరకో, కొద్ది నిమిషాల వరకో స్టీరియోను నడవనిస్తాయి. మరికొన్ని ఆటోమేటిక్ కార్లలో గేరు పార్కింగులో లేకుండా బటన్ నొక్కితే ఇంజను ఆగి, యాక్సెసరీ కరెంటు మిగిలే ఉంటుంది. దీన్నే చిట్కాగా చెప్పేవారున్నారు గానీ నేను ఒప్పుకోను. మన ఊళ్లో బంజారాహిల్స్ లాంటి ఎత్తుపల్లాల చోట పాట కోసం కారును న్యూట్రల్‌లో వదలడం బుద్ధిగల పని కాదు.

అయితే ఈ విద్య సగమే వస్తే మరో చిక్కు. ఒక ఆదివారం మా అల్లుడు సెల్లార్‌లో కారు కడుగుతూ, పాటల కోసం బటన్‌ను ఒకసారికి బదులు రెండుసార్లు నొక్కి, హెడ్‌లైట్లు కూడా వేసి, భోజనానికి పైకి వచ్చి ఆ సంగతే మరిచిపోయాడు. చీకటి పడ్డాక సెల్ఫ్ కొడితే టిక్కుటిక్కుమన్న చప్పుడే తప్ప ఇంజను కదలలేదు. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం లేదు. చిన్న కార్ల బ్యాటరీ సామర్థ్యం చాలావరకు 35 ఆంపియర్ అవర్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే గంటకు ఒక ఆంపియర్ చొప్పున లాగితే సుమారు 35 గంటలు వస్తుందని లెక్క. 55 వాట్ల హాలోజెన్ హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి కనుక, నాలుగు గంటల్లో నిండు బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది. స్టీరియో, ఫోను చార్జింగ్ అంతగా తినవు గానీ, ఇగ్నిషన్ ఆన్ చేసి బ్లోయర్‌ను, అంటే ఏసీ గాలి విసిరే ఫ్యాన్‌ను ఫుల్ స్పీడులో పెడితే అదొక్కటే 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది. పైగా గాలిని చల్లబరిచే ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజను కనుక, ఇంజను ఆగిన పెట్రోలు కారులో ఆ బ్లోయర్ నుంచి వచ్చేది వేడి గాలే. కారు బ్యాటరీ ఇంజనును ఒక్క ఉదుటున తిప్పడానికి చేసినదే గానీ ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలా గంటల తరబడి కరెంటు ఇవ్వడానికి చేసినది కాదు, పదే పదే అడుగంటితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. ఆటోమేటిక్ బండిని నలుగురు తోసి స్టార్ట్ చేసే వీలు కూడా లేదు. చివరికి పక్క ఫ్లాట్ వారి కారు నుంచి జంపర్ కేబుళ్లు తగిలించి గట్టెక్కాము. కొన్ని కార్లు 20 నిమిషాలకో గంటకో వాటంతట అవే కరెంటు ఆపుకుంటాయి, మాది ఆ కోవలోది కాదని ఆ రాత్రి తెలిసింది.

ఇక ఇంజను నడుస్తూనే ఉంచి కూర్చునేవారి సంగతి. బడుల గేట్ల ముందు, ఆసుపత్రుల ముందు, సికింద్రాబాద్ స్టేషన్ బయట ఈ దృశ్యం రోజూ కనిపిస్తుంది. అందరూ ఏసీ కోసమే అలా చేస్తున్నారని నేననుకోను, ఫోను చార్జింగ్ ఆగిపోతుందని చేసేవారూ ఉన్నారు. మూసుకుపోయిన సెల్లార్లలో ఇది మరీ ప్రమాదం, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 126వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు ఉన్నవారు డ్రైవరు సీట్లో లేకుండా బండిని బహిరంగ స్థలంలో నిలపాలంటే ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి. అమ్మను కారులో కూర్చోబెట్టి, ఇంజను ఆపకుండానే మందుల షాపులోకి నేనూ రెండు మూడుసార్లు పరుగెత్తినవాడినే. జేబులో రిమోటు ఉన్నా బండి మాత్రం నడుస్తూనే ఉంటుందని, దిగగానే అది కీచుమని అరిచేది అందుకేనని తరువాత గాని గ్రహించలేదు.

మాకు కారు అప్పగించిన రోజున షోరూమ్ వారు పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టించారు, ఫోటో తీశారు. బ్లూటూత్ కలపడానికి పది నిమిషాలు వెచ్చించిన ఆ యువకుడు బటన్ గురించి చెప్పింది "బ్రేకు తొక్కి నొక్కండి సార్" అన్న ఒక్క ముక్క. కారుతో వచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషులో ఉంది, ఈ విషయం అందులో ఉన్నా ఎక్కడో నడిమధ్య పేజీల్లో చిన్న పట్టికగా ఉంది. కార్లు అమ్మేవారికి నా మనవి ఒక్కటే. బండి అప్పగించేటప్పుడు కొనుగోలుదారును సీట్లో కూర్చోబెట్టి, పెడల్ తొక్కకుండా ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు బటన్ నొక్కించి, ఏ దశలో ఏది పనిచేస్తుందో, ఎంతసేపటికి ఆగుతుందో చూపించాలి. అదే విషయాన్ని తెలుగులో అరపేజీ కాగితం మీద అచ్చు వేసి డ్యాష్‌బోర్డు అరలో పెడితే, ఇంట్లో కారు నడిపే మిగతావారికీ పనికివస్తుంది. డ్రైవింగ్ స్కూళ్లలో ఇప్పటికీ తాళంచెవి బండ్ల మీదే నేర్పుతున్నవారు కూడా ఒక పూట ఈ పాఠానికి కేటాయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నాగోలు, హైదరాబాద్