తాళవాద్య విద్యార్థులకు కలిసి వాయించే తరగతి కావాలి: సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నేను ఒక ప్రభుత్వ సంగీత కళాశాలలో మృదంగం డిప్లొమా చదివి, ఇప్పుడు కచేరీలలో పక్కవాద్యం వాయిస్తూ, ఇంటి దగ్గర పిల్లలకు పాఠం చెబుతున్నాను. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా విజయనగరంలో సంగీత కళాశాల మొదలైంది. అటువంటి కళాశాలల వల్లనే సంగీతం నేపథ్యం లేని మా వంటి ఇళ్ల పిల్లలకు కూడా ఈ విద్య అందింది. ఆ కృతజ్ఞతతోనే ఒక లోటును మీ దృష్టికి తెస్తున్నాను. మృదంగం వాయించడం నేర్పుతున్నాము గాని, మరొకరితో కలిసి వాయించడం నేర్పడం లేదు.

'త ది తొం నం' అనే తొలి పాఠం మొదలుకొని ఆది, రూపక, ఖండచాపు, మిశ్రచాపు తాళాలలో మోహరాలు, ముక్తాయిలు అనే ముగింపు వరుసల వరకు గురువుగారు ఎంతో శ్రద్ధగా చెప్పారు. పరీక్షలో కూడా ఒక్కడినే కూర్చుని వాయించి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పక్క గదిలో గాత్రం, ఆ పక్కన వయొలిన్ తరగతులు జరుగుతున్నా, మా వేళలూ వాళ్ల వేళలూ కుదరక, వార్షికోత్సవానికి తప్ప మేము ఒకచోట కూర్చున్నది లేదు.

చదువు ముగించిన ఏడాది ఒక గుడి ఉత్సవంలో ఘటం అనే మట్టికుండ వాద్యం వాయించే విద్వాంసుడితో కలిసి తనియావర్తనం, అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వినిపించే భాగం, వాయించవలసి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు ఎనిమిది ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు), ఆపై నాలుగు, రెండు, ఒకటి, అర చొప్పున తగ్గించుకుంటూ వస్తున్నాము. ఒక ఆవర్తనం దగ్గర ఆయన నా తిశ్రగతిని (మూడేసి లెక్కన సాగే నడకను) అందుకుని చక్కగా జవాబిస్తుంటే, నేను వినకుండా తర్వాత వాయించబోయేదే మనసులో కూర్చుకుంటున్నాను. ఆయన విడిచిన చోటు నాకు తెలియలేదు, అర అక్షరం ఆలస్యంగా అందుకున్నాను. గాయకురాలు తొడపై తాళం గట్టిగా వేసి నన్ను దారికి తెచ్చారు. చేతిలో విద్య ఉంది, చెవికి సాధన లేదు. వినడం కూడా పాఠమేనని ఆ రోజు తెలిసింది.

శ్రుతి సంగతి కూడా చూడండి. మృదంగానికి ఎడమ మూతపై తడిపిన రవ్వ ముద్ద అద్ది, కుడి మూతను రాతితో, పుల్లతో తట్టి శ్రుతి చేసుకుంటాము. ఘటానికి ఆ వీలు లేదు, కాల్చినప్పుడు వచ్చిన శ్రుతే దానిది కనుక పాడేవారి శ్రుతికి తగిన ఘటాన్ని ఎంచుకోవాలి. చేత్తో పట్టుకుని వాయించే చిన్న డప్పు వంటి కంజీర చర్మాన్ని తడిపి నాదం దించాలి, ఆరుతున్నకొద్దీ మళ్లీ తడపాలి. ఈ మూడింటినీ ఒక నాదానికి తేవడం పుస్తకంలో చదివితే వచ్చేది కాదు.

అందుచేత వారానికి రెండు గంటలు గాత్రం, వయొలిన్, తాళవాద్య విద్యార్థులందరికీ ఉమ్మడి తరగతిగా కాలపట్టికలో చేర్చి, చివరి పరీక్షలో బృందవాదనానికి మార్కులు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. మార్కులు లేని తరగతి మన దగ్గర మొదటి నెల దాటి సాగదు. ఘటం, కంజీర నేర్పగల విద్వాంసులు దొరికిన చోట వారిని గంటల వేతనంపైనైనా పిలవాలి. కళాశాల మృదంగాలకు మూతలు మార్పించేందుకు ఏటా కొంత సొమ్ము విడిగా ఉంచాలి.

ఆడపిల్లల కోసం ఒక మాట. 2021లో మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతి గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలు ఎంతో మురిసిపోయారు. అయితే బయట పక్కవాద్యానికి వారిని పిలిచేవారు ఇప్పటికీ తక్కువే. కళాశాలలోనే నలుగురితో కలిసి వాయించే అలవాటు కలిగితే, వారి పనితనం తోటి గాయకులకు ముందే తెలిసి ఉంటుంది, రేపు కచేరీకి పిలుపు అక్కడినుంచే వస్తుంది.

వచ్చే విద్యా సంవత్సరపు పాఠ్యప్రణాళిక ఖరారయ్యేలోగా ఈ విషయాన్ని పరిశీలించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక మృదంగ కళాకారుడు