ట్రాన్స్‌ఫర్ లివరు సంగతి

తిరుపతి
ఆదివారం రాత్రి

మామా,

నీ ఉత్తరం అందింది. జీపుకి కొత్త ట్రాన్స్‌ఫర్ లివర్లు, అదే ముందు చక్రాలు కలిపే, లో గేరు వేసే కర్రలు, చేయించబోతున్నానని చివర్లో ఒక ముక్క రాశావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మరిచిపోతా. అందుకే కూర్చుని రాస్తున్నా. నువ్వు లేత్ షాపు గడప తొక్కేలోపు ఇది నీ చేతికి అందాలి.

మా మారుతి జిప్సీ జీపు నీకు తెలిసిందే కదా. 1998 మోడల్, 1300 సీసీ, నాయన బంగారుపాళెం తోట కోసమని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. మూడేళ్ల కిందట పెద్ద టైర్లు పట్టాలని చాసిస్‌కీ (కింది ఇనుప చట్రానికీ) బాడీకీ మధ్య రెండంగుళాల దిమ్మెలు పెట్టించాను. టైర్లు పట్టాయి. బాడీ పైకి లేచింది, కానీ ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు వెనక చక్రాలకి బలం పంచే గేరుపెట్టె, చాసిస్‌కే వేలాడుతూ ఉన్నచోటే ఉండిపోయింది. అంటే లివరు రెండంగుళాలు లోపలికి దిగినట్టే. చేతికి పొట్టిగా అనిపించింది, అంతేలే అనుకున్నా. అసలు చిక్కు అది కాదు. లివరు కింద ఉన్న కీలు గుండు దగ్గర తిరుగుతుంది కదా, పైకి పోయేకొద్దీ దాని ఊపు ఎక్కువ. ఫ్లోరు రేకులో ఉన్న రంధ్రం ఇప్పుడు రెండంగుళాలు పైన ఉంది, అక్కడ లివరుకి ఎక్కువ చోటు కావాలి. రంధ్రం మాత్రం పాతదే. గేరు పూర్తిగా పడకముందే లివరు రేకు అంచుకి ఆనుకునేది. చేతికి మాత్రం పడినట్టే ఉండేది.

మొన్న జూన్‌లో తోతాపురి కోతప్పుడు ఇది బయటపడింది. వెనక ఇరవై క్రేట్లు. వంకలో నుంచి గట్టు ఎక్కుతున్నాం. 4ఎల్ (నాలుగు చక్రాలూ లాగే లో గేరు), ఫస్ట్ గేరు. సగం ఎక్కామో లేదో, కింద టక్‌మని ఒక చప్పుడు. లివరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారింది. ఇంజను ఒక్కసారి ఊళ పెట్టింది, బండి మాత్రం వెనక్కి జారుతోంది. కాలు బ్రేకు మీద ఉంది కాబట్టి సరిపోయింది. ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్‌లో పడితే మెయిన్ గేరు ఏది వేసినా చక్రాలకి, ఇంజనుకి సంబంధం ఉండదు మామా, ఇది నువ్వు ఎప్పుడూ మరిచిపోవద్దు. నాయన ఒక్క మాట కూడా అనలేదు. దిగి, గట్టు మీద నుంచి ఒక రాయి తెచ్చి వెనక చక్రం కింద పెట్టి, నా వైపు చూశాడు. ఆ చూపు కన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మర్నాడే తిరుపతిలో ఒక షెడ్డుకి తీసుకెళ్లా. పేరు వద్దులే. వాళ్లు పాత లివరు తీసేసి, కొత్త లివరుని ఫ్లోరు రేకుకి బిగించి, అక్కడి నుంచి కేసుదాకా రాడ్డు లింకు ఇచ్చారు. చూడ్డానికి ఎంత బాగుందో! సీటు పక్కనే, చేతికి అందేలా, నల్ల రంగు వేసి. నేను ఫోటో పంపితే నువ్వు కూడా మెచ్చుకున్నావు. రెండో వారంలో మళ్లీ అదే గట్టు, అదే టక్.

అప్పుడు పట్టుదల వచ్చింది. చక్రాలన్నిటికీ రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, తమ్ముణ్ని సీట్లో కూర్చోబెట్టి, 4ఎల్‌లో క్లచ్ కొద్దికొద్దిగా వదలమన్నా. నేను పక్క నుంచి టార్చి వేసి చూశా. క్లచ్ పట్టుకోగానే కేసు ఒక పక్కకి బొటనవేలంత లేచింది! వదలగానే మళ్లీ కూర్చుంది. నోరెళ్లబెట్టి చూశాను. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకి అతుక్కుని ఉండదు. మధ్యలో చిన్న ప్రొపెల్లర్ షాఫ్ట్ (తిరుగుతూ బలం అందించే కడ్డీ) ఉంటుంది, కేసు వేరుగా మూడు రబ్బరు మౌంటింగుల మీద చాసిస్‌కి వేలాడుతుంది. ఆ రబ్బర్లు పాతబడితే లోడు పడగానే కేసు మెలి తిరుగుతుంది. మా బండి కేసులో హై గేరు నిష్పత్తి 1.409, లో గేరు నిష్పత్తి 2.268. అంటే 4ఎల్‌లో అదే ఇంజను బలం హై కన్నా ఒకటిన్నర రెట్లకి మించి పెరిగి బయటికి వస్తుంది. ఆ మెలికంతా మోసేది ఆ మూడు రబ్బర్లే. ఇప్పుడు చూడు: లివరు బాడీకి బిగించి ఉంది, కేసు కదులుతోంది. మధ్యలో ఉన్న రాడ్డు ఏం చేస్తుంది? గేరుని బయటికి లాగేస్తుంది. మనిషి చెయ్యి పెట్టి లాగినట్టే.

అందుకే మామా, నీకు చెప్పాలనుకున్నది ఇదొక్కటే: లివరు ఏ ఆకారంలో చేయించినా సరే, అది తిరిగే మొదలు కేసు మీదే కూర్చోవాలి. కేసు ఊగితే లివరు కూడా దాంతోపాటే ఊగాలి. రాడ్డు లింకుతో బాడీకి బిగిస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు.

ఆ తర్వాత పని సాఫీగానే జరిగింది. మూడు రబ్బర్లూ కొత్తవి వేశా. లోపల గేరు మార్చే షిఫ్ట్ రాడ్డుని పట్టి ఉంచే స్టీలు గుండ్లు, స్ప్రింగులు కూడా తీయించా. ఒక స్ప్రింగు పక్కదానికన్నా పొట్టిగా ఉంది, రెండూ మార్చేశాం. లివరు గుండు కింద ఉండే ప్లాస్టిక్ బుష్ (తొడుగు) అరిగి పెంకులా అయిపోయింది, అదీ కొత్తదే. పాత లివరునే మధ్యలో కోసి, రెండంగుళాల ముక్క కలిపి వెల్డింగు చేయించా. గుండు కింది భాగం మాత్రం ముట్టుకోనివ్వలేదు. కింది చెయ్యి పొడుగు మారితే లోపల ఊపు లెక్కంతా మారిపోతుంది. పై చెయ్యి పెరిగితే చేతికి కొంచెం ఎక్కువ దూరం తిరగాలి, బదులుగా బలం తక్కువ చాలు. రేణిగుంట రోడ్డులో లేత్ పనిచేసే ఒక పెద్దాయన అతుకు రెండు పక్కలా పెన్సిలు చెక్కినట్టు ఏటవాలుగా చెక్కి, ఆ సందంతా నిండేలా వెల్డింగు పోశాడు. గుండుకి తడిగుడ్డ చుట్టి పెట్టాడు, వేడికి దాని గట్టిదనం పోకూడదని. వెల్డింగయ్యాక నీళ్లు పోయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. దానంతటది చల్లారాలి నాయనా, లేదంటే పెళుసుబారుతుంది అన్నాడు. టీ తాగి వచ్చేలోపు చల్లారింది.

రంధ్రం అంచు ఎంత కోయాలో తేల్చడానికి మా అమ్మ తమలపాకుల పెట్టెలో సున్నం తీసుకెళ్లా. రంధ్రం చుట్టూ పూసి, లివరుని 2హెచ్ (రెండు చక్రాల హై), 4హెచ్ (నాలుగు చక్రాల హై), ఎన్ (న్యూట్రల్), 4ఎల్ అన్నిటికీ తిప్పి చూశా. 4ఎల్ వైపు లివరుకి తెల్లగా గీత పడింది. అంత మేర రేకు కోసి, మళ్లీ సున్నం పూసి చూశా. లివరు శుభ్రంగా వచ్చింది. ఆపైన ఇంకో వేలు మందం వదిలి కోశాను, కేసు ఊగినప్పుడు తగలకుండా. కోసేటప్పుడు కేసు నోట్లో గుడ్డ కుక్కడం మరిచిపోకు, రజను లోపల పడితే గేర్లు తినేస్తుంది.

లివరు పైన పట్టుకునే నాబ్ మాత్రం నాకు ఎంతో ఇష్టమైన భాగం. మాధవమాల వెళ్లి, కొయ్యబొమ్మలు చెక్కే ఒకాయన చేత వేపకొయ్యతో చేయించా. అరచేతిలో నిమ్మకాయంత ఉంటుంది. పైన 2హెచ్, 4హెచ్, ఎన్, 4ఎల్ అని ఉలితో చెక్కాడు. పదిరోజులకే చేతి చమురు పట్టి నిగనిగలాడుతోంది.

పోయిన గురువారం అదే గట్టు, అవే క్రేట్లు, పక్కన నాయన. మూడుసార్లు ఎక్కాం, దిగాం. గేరు కదల్లేదు. మూడోసారి దిగేటప్పుడు నాయన నాబ్ మీద చెయ్యి వేసి, కొయ్య బాగుందిరా అన్నాడు.

నీ జీపు విషయం వేరు. దానిలో ట్రాన్స్‌ఫర్ గేరుబాక్సు వెనకే బిగించి ఉంటుంది, లివర్లు రెండూ కేసు మీదే ఉంటాయి కాబట్టి మా బండికి వచ్చిన చిక్కు నీకు రాదు. నీ లివర్లు గలగలమంటున్నాయంటే ముందు వాటి పిన్ను, బుష్‌లు చూడు. చాలావరకు అక్కడే ఉంటుంది. ఇంకో మాట. రెండు షిఫ్ట్ రాడ్ల మధ్య చిన్న ఇంటర్‌లాక్ ముక్క ఉంటుంది, ముందు చక్రాలు కలపకుండా లో గేరు పడనివ్వదు. అది తీసేస్తే టూ వీల్‌లో కూడా లో వస్తుందని ఎవరో నీకు చెప్పారని రాశావు. వస్తుంది, నిజమే. కానీ ఆ బలమంతా వెనక యాక్సిల్ ఒక్కటే మోయాలి. మన తోటల్లో, లోడుతో, అలా చేయించవద్దు మామా.

దసరాకి వస్తున్నావు కదా, పాత పిన్నులు పారేయకుండా సంచిలో వేసుకుని రా. ఆ పెద్దాయన దగ్గరికే వెళ్దాం, కొలతలు ఆయనే తీసుకుంటాడు. అమ్మ నీకోసం మాగాయ జాడీలో వేరుగా తీసి పెట్టింది.

నీ
మామ