చేప ఎర చూపి పిలవొద్దు, ఇంజను ఆపి చూడండి

సంపాదకులకు, నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెజాన్ పడవ ప్రయాణం మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. చివర్లో ఇచ్చిన సలహానే బాగోలేదు. గులాబీ డాల్ఫిన్లకు చేత్తో చేపలు తినిపించి, వాటి పక్కనే నీళ్లలో దిగి ఫొటో తీయించుకుంటే జన్మ ధన్యమన్నట్టు రాశారు. దాని గురించే ఈ ఉత్తరం.

నేను కాకినాడ జగన్నాథపురంలో బోటు ఇంజన్లు బాగుచేసి బతికినవాణ్ణి. పోయినేడు టెక్సాస్‌లో ఉండే మా అమ్మాయీ అల్లుడూ పట్టుబట్టి పెరూ తీసుకెళ్లారు. లిమా నుంచి ఇకీటోస్‌కి విమానం. లక్షల జనం ఉన్న ఊరు, అయినా మిగతా దేశంతో కలిపే రోడ్డు లేదు. వస్తే గాల్లో రావాలి, లేదంటే ఏట్లో రావాలి. ఉన్న ఒక్క దారీ వంద కిలోమీటర్ల దూరంలోని నౌటా రేవు దాకా పోయి ఆగిపోతుంది. నౌటాకి కాస్త దిగువన మరన్యోన్, ఉకయాలి నదులు కలిసి అమెజాన్ అవుతాయి. ఆ రెండు నదుల నడుమ ఉన్నదే పకాయా-సమిరియా అభయారణ్యం, ఇరవై లక్షల హెక్టార్ల పైమాట.

మేమెక్కింది సన్నపాటి చెక్క పడవ. దాన్ని అక్కడివాళ్లు పెకెపెకె అంటారు, ఇంజను చేసే చప్పుడే దాని పేరు. చిన్న పెట్రోలు ఇంజను, వెనక్కి బారుగా ఇనుప షాఫ్టు, దాని కొసన ఫ్యాను. కలుపూ కర్రలూ అడ్డొస్తే డ్రైవరు హ్యాండిలు నొక్కి ఫ్యాన్ని నీళ్లపైకి లేపేస్తాడు. ఆ ఏర్పాటు చూసి నాకు ముచ్చటేసింది. సైలెన్సరు మాత్రం పేరుకే ఉంది.

జూన్ మొదటి వారం. వరద తీయడం అప్పుడే మొదలైంది. అక్కడ ఏటా నీరు పది మీటర్లదాకా లేచి అడవిలోకి వెళ్తుంది. డాల్ఫిన్లు కూడా చేపల వెనక చెట్ల మధ్యకి ఈదుకుంటూ పోతాయి. వాటి మెడ ఎముకలు సముద్రపు డాల్ఫిన్లకి మల్లే అతుక్కుపోయి ఉండవు, అందుకే మొదళ్ల మధ్య తల ఇటూ అటూ తిప్పగలవు. నీరు తీసేటప్పుడు చేపలన్నీ కాలువ మూతుల్లోంచి ఏట్లోకి దిగుతాయి కదా, అవి అక్కడ కాపు కాస్తాయి. మా డ్రైవరు సరిగ్గా అలాంటి మూతి దగ్గరకి తీసుకెళ్లి, ఇంజను ఆపి, తాడు కొమ్మకి చుట్టి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మాకేమీ చెప్పలేదు. ఎంతసేపో కూర్చున్నాం. మనవరాలు ఫోను తీసింది, పెట్టేసింది, మళ్లీ తీసింది.

ముందు చప్పుడు వచ్చింది. డీజిలు లైనులో గాలి పట్టినప్పుడు నట్టు వదులు చేస్తే 'ఫుస్'మంటుందే, అచ్చం అలాగే, నా వీపు వెనక. తిరిగి చూసేసరికి నీళ్ల మీద గుండ్రటి అల మిగిలింది. రెండోసారి కనిపించింది: ఉబ్బెత్తు నుదురు, తర్వాత వీపు. వీపు మీద రెక్కలా నిలబడేదేం లేదు, పొడుగ్గా ఒక గట్టు మాత్రమే. రంగు మీ ఫొటోలోలా లేదు. పైన బూడిద, పక్కలకి గులాబీ మచ్చలు, అడ్డదిడ్డంగా పాత గాట్లు. పిల్లలప్పుడు బూడిదరంగులోనే ఉంటాయట, వయసొచ్చేకొద్దీ గులాబీ తేలుతుంది. ఒకదానితో ఒకటి కొట్టుకునే మగవాటికి ఆ రంగు మరీ ఎక్కువ. కాస్త దూరంలో టుకుషి అనే చిన్న బూడిద డాల్ఫిన్లు ఎగిరి పడుతున్నాయి. మావాళ్ల ఫోన్లలో మాత్రం నీళ్లే పడ్డాయి.

అంతలో ఇంకో బోటు వచ్చింది. పెద్ద ఇంజను, పాతికమంది జనం. ఆ నడిపేవాడు ఇంజను ఆపలేదు, గుండ్రంగా తిప్పుతూ పడవ అంచు చరుస్తూ ఈలలు వేశాడు. మాకు కనిపిస్తున్నవి మునిగి, ఏటి అవతల ఎక్కడో తేలాయి. ఆ మట్టి నీళ్లలో వాటికి కళ్లతో పని జరగదు. చిన్నగా టిక్కు టిక్కుమని శబ్దం వదిలి, అది తగిలి తిరిగొచ్చే తీరుని బట్టి చేపనీ చెట్టునీ పోల్చుకుంటాయి. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లు వేగంగా పోతుంది. ఫ్యాను అంచు వంగితే ఎంత రొద చేస్తుందో నాకు తెలుసు. పాపికొండలకి డీజే పెట్టుకుని పోయే మనవాళ్లకి చెప్పినా ఎక్కదులెండి.

ఇక తినిపించడం సంగతి. బ్రెజిల్‌లో రియో నెగ్రో ఒడ్డున నోవో ఐరావో అనే ఊళ్లో 1990ల చివర్లో ఒక తేలే రెస్టారెంటు దగ్గర ఇది మొదలైంది. తర్వాత చుట్టుపక్కల చాలా చోట్లకి పాకింది. చేప కోసం అవి ఒకదాన్నొకటి కరుచుకోవడం, నీళ్లలో దిగిన మనుషుల్ని గాయపరచడం జరిగాకే అక్కడ కట్టుబాట్లు పెట్టారు. ఆ జంతువు రెండున్నర మీటర్ల దాకా పెరుగుతుంది. మగది ఒకటిన్నర క్వింటాలు దాటుతుంది. వెనక దంతాలు గట్టి పెంకు చేపల్ని నమిలేటంత బలం. మీ వ్యాసం చదివి పిల్లల్ని నీళ్లలో దింపే తల్లిదండ్రులకి ఇవి చెప్పాలా వద్దా?

ఒడ్డు మీద మనిషిని చూసి దగ్గరకొచ్చే అలవాటు వాటికి మంచిది కూడా కాదు. వలలు చింపుతాయని జాలర్లకి వాటి మీద కోపం. పిరకటింగా అనే చేపకి ఎర కోసం డాల్ఫిన్లని చంపి ముక్కలు చేస్తుంటే, ఆ చేప వేటనే 2015 నుంచి బ్రెజిల్ నిషేధించాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరు, అక్టోబరుల్లో కరువుకి అదే బ్రెజిల్‌లోని తెఫే సరస్సు కాగిపోయి 39 డిగ్రీలు దాటింది, 200కు పైగా డాల్ఫిన్లు చచ్చి తేలాయి. ఇంజను చల్లబరచడానికి తోడే నీళ్లు అంత వేడిగా ఉంటే నేను బోటు రేవు దాటనివ్వను. పెరూలో చమురు పైపులైను కారి మరన్యోన్ పాడవుతోందని కుకామా తెగ ఆడవాళ్లు కోర్టుకెక్కారు. 2024 మార్చిలో నౌటా కోర్టు ఆ నదికే హక్కులున్నాయని తీర్పిచ్చింది. మేం పడవెక్కిన ఊరి కోర్టే. మీ వ్యాసంలో రెండు పేజీలున్నా ఇందులో ఒక్క ముక్కకీ చోటు దొరకలేదు.

కాబట్టి వచ్చే ఆదివారం ఆ సలహాకి సవరణ వేయండి. వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందే రెండు సంగతులు అడగాలని రాయండి: డాల్ఫిన్లకు మేత వేస్తారా, వాటి దగ్గర ఇంజను ఆపుతారా. మొదటిదానికి అవునన్నా, రెండోదానికి కాదన్నా వేరే బోటు చూసుకోమనండి. పెరూ దాకా పోలేనివాళ్ల కోసం బీహారులో సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా గంగలో ఉన్న విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యం గురించి కూడా ఒక పేజీ వేయండి. 2021–23 మధ్య లెక్క తీస్తే మన దేశపు నదుల్లో 6,327 డాల్ఫిన్లు ఉన్నాయని తేలింది. ఏటా ఇంతమంది తెలుగువాళ్లు కాశీకి పోతున్నారు, అదే గంగలో ఇవి ఉన్నాయని మా వీధిలో ఎవరికీ తెలియదు.

ఇట్లు,
ఒక పాత బోటు మెకానిక్కు,
జగన్నాథపురం, కాకినాడ