పిల్లర్ల దగ్గరే ఆగిన మా బడి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా జిల్లా పరిషత్ హైస్కూల్ అదనపు గదుల సంగతి మీ పేషీకి కొత్త కాదు. కమిటీ తీర్మానాలు, ఫొటోలు, వినతిపత్రాలు గ్రీవెన్స్‌లోనూ ఇచ్చాం, మీ చేతికీ ఇచ్చాం. "పరిశీలనలో ఉంది" అన్న ముక్క తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే ఇక అందరి ముందూ అడుగుతున్నాను.

పని పిల్లర్ల దాకా వచ్చి ఆగిపోయింది. పైన చువ్వలు తుప్పు పడుతున్నాయి. మిగిలిన సిమెంట్ బస్తాలు వానకు తడిసి గడ్డకట్టాయి. పాత గదులకు పెచ్చులూడుతుంటే ఇంజనీర్లే వచ్చి చూసి తాళం వేయించారు. మంచి పనే చేశారు. మరి ఆ గదుల్లోని పిల్లలు ఎక్కడికి పోవాలి? ఆరో తరగతి వరండాలో నడుస్తోంది. బోర్డును కిటికీకి ఆనించి పెడతారు, ఎండ పడితే సగం బోర్డు కనపడదు. ఏడో తరగతి వాళ్లు వీళ్లకు వీపు తిప్పి కూర్చుంటారు. ఒక టీచర్ లెక్కలు చెబుతుంటే పక్కనే ఇంకొకరు గొంతు పెంచి హిందీ చెప్పాలి. జల్లు కొట్టిందంటే రెండు తరగతులూ పుస్తకాలు ఎత్తుకుని గోడకు అతుక్కుని నిలబడాల్సిందే. వానాకాలం మొత్తం మాకు ఇదే టెన్షన్.

కాంట్రాక్టర్‌ను అడిగితే చేసిన పనికే బిల్లు రాలేదంటాడు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారేమో ఎంబీ, అంటే చేసిన పని కొలతల పుస్తకం, రికార్డు చేసి పంపేశానంటారు. ట్రెజరీ వాళ్లు బిల్లుకు టోకెన్ నంబరు పడింది, నిధులు విడుదలైతే డబ్బు వస్తుందంటారు. జిల్లా పరిషత్‌కు వెళ్తే ఇది రాష్ట్ర పథకం, మా దగ్గర డబ్బు లేదంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదనే నా నమ్మకం. అయినా స్లాబు పడటం లేదు.

విద్యా హక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ బడి భవనం బాధ్యతను స్థానిక సంస్థ మీద పెట్టింది. నిధుల బాధ్యత కేంద్రం, రాష్ట్రం కలిసి మోయాలని ఏడో సెక్షన్ చెప్పింది. టీచరుకో గది లెక్కన ఉండాలని షెడ్యూల్‌లోనే రాశారు. దానికి గడువు 2013 మార్చి 31. ఆ గడువు దాటాక పుట్టిన పిల్లలు ఇవాళ మా వరండాలో కూర్చుంటున్నారు!

బాధ్యత జిల్లా పరిషత్‌దే అయినప్పుడు దాని చేతిలో ఏముందో కూడా చూడండి. సీనరేజీ (ఇసుక, రాయి లాంటి ఖనిజాల మీద రుసుము), స్టాంప్ డ్యూటీ వాటాలు పైనుంచి జమ అయితేనే ఉన్నట్టు. 2021-26 కాలానికి కేంద్రం స్థానిక సంస్థలకు ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు. మిగిలిన 40 శాతం మీదే ఊళ్లోని మిగతా పనులన్నీ ఆధారపడ్డాయి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటు కూడా ఆగిపోయేది. బడుల కోసం ఉన్న కేంద్ర పథకం సమగ్ర శిక్షలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టాలి, రాష్ట్రం తన వాటా వేయకపోతే తర్వాతి విడతకు ఇబ్బందే. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, అవి నియోజకవర్గంలో ఎన్ని బడులకు సరిపోతాయి?

ఇక పథకం పేరు మారినప్పుడల్లా పాత పథకంలో మొదలైన పని అనాథ అవుతోంది. కొత్త పథకంలో పెట్టమంటే పాత ఎస్టిమేట్ క్లోజ్ కాలేదు, కుదరదంటారు. క్లోజ్ చేయమంటే బిల్లు పెండింగ్‌లో ఉంది కదా అంటారు. ఒక అధికారైతే ఊళ్లో చందాలు వేసుకోవచ్చు కదా అన్నారు. మట్టి తోలించింది మేమే, బోరు వేయించిందీ మేమే. ప్రభుత్వ బడికి స్లాబు కూడా కూలికి పోయే తల్లిదండ్రులే వేయించాలా అయ్యా?

పాసైన బిల్లు ఇప్పించండి. దయచేసి ముందు ఆ ఒక్కటి చేయండి. ఇకమీదట ఏ బడికైనా శంకుస్థాపనకు ముందే భవనం డబ్బు జిల్లా పరిషత్ ఖాతాలో వేరే పద్దు కింద వేయండి, దాన్ని ఇంకో అవసరానికి మళ్లించకుండా ఉత్తర్వు ఇవ్వండి. పథకం మారినా మొదలైన పని పూర్తయ్యేదాకా ఆ పద్దు మూయొద్దు. మాకు స్లాబు ఎప్పుడు వేస్తారో తేదీ రాసి ఇవ్వండి.

ఈ లేఖను మాత్రం "తగు చర్య నిమిత్తం" అని రాసి కింది ఆఫీసుకు పంపకండి. వాళ్లు మా చేతుల్లో ఏమీ లేదన్నాకే మీకు రాస్తున్నాం.

ఇట్లు
ఆరో తరగతి విద్యార్థిని తండ్రి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడు