దేంతో పోల్చినారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

మన తిరుపతి జిల్లా పేజీలో ఈమధ్య మనసు బాగోలేనోళ్ళకు మాటల్తో నయం చేసే కౌన్సెలింగ్ సెంటర్ల మీద వార్త వేసినారు, వచ్చినోళ్ళలో ఎక్కువమందికి బాగైపోయిందని వాళ్ళు చెప్పింది చెప్పినట్టే అచ్చేసినారు, బానే ఉంది గానీ సెంటరు గడప తొక్కనోళ్ళలో ఎంతమందికి బాగైందో అడగాలి కదా సార్. ఇక్కడ కోచింగ్ హాస్టళ్ళలో పిల్లోళ్ళు నీట్ ముందర నిద్ర పట్టక అన్నం సయించక అల్లాడిపోతారు, పరీక్ష అయిపోయి ఊరికి పోయి నాలుగు రోజులు ఇంట్లో సంగటి తింటే చానామంది వాళ్ళంతట వాళ్ళే కుదుటపడతారు. మధ్యలో ఎవురైనా కౌన్సెలింగ్ ఇచ్చింటే ఆ క్రెడిట్ వాళ్ళకే పోతాది.

గోవాలో డిప్రెషన్ గట్టిగా ఉన్న 495 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మామూలు వైద్యంతో పాటు ట్రైనింగ్ ఇచ్చిన స్థానికుల చేత ఆరెనిమిది సిట్టింగులు కౌన్సెలింగ్ ఇప్పించినారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు నెలలకు ఆ గుంపులో 64 శాతం తేరుకున్నారు, బ్రహ్మాండం అనిపిస్తాది, కానీ కౌన్సెలింగ్ లేని గుంపులో కూడా 39 శాతం తేరుకున్నారు. అంటే కౌన్సెలింగ్ లెక్కలో వేయాల్సింది నూటికి 25 మందినే. అదేం తక్కువ కాదులెండి, కౌన్సెలింగ్ దండగ అని నేను అనడంలేదు.

ఇంకో మెలిక ఉంది. ఆ 25లో పద్ధతి వల్ల ఎంత, ఎవురో ఒకరు కూర్చుని మన గోడు విన్నందుకు ఎంత? మందులకైతే అచ్చం మాత్ర మాదిరే ఉండే ఉత్తుత్తి బిళ్ళ, అంటే ప్లాసిబో, ఇచ్చే డాక్టరుకు కూడా తెలీకుండా ఇయ్యొచ్చు, మాటలకు అదెట్లా కుదుర్తాది, తాను చేసేది ఉత్తుత్తి థెరపీ అని తెలిసినోడి గొంతులోనే ఆ తేడా పలుకుతాది. అందుకే చానా స్టడీల్లో సులువు దారి పట్టి, కొందరిని వెయిటింగ్ లిస్టులో పెట్టి వాళ్ళతో పోలుస్తారు, ఏదీ అందక ఎదురుచూసేవాళ్ళ మీద గెలవడం ఏం గొప్ప? 1979లో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో స్ట్రప్, హాడ్లీ అనేవాళ్ళు కొందరు స్టూడెంట్లను అనుభవమున్న థెరపిస్టుల దగ్గరికి, కొందరిని థెరపీ ట్రైనింగే లేని, పిల్లల్తో బాగా కలిసిపోయే ప్రొఫెసర్ల దగ్గరికి పంపితే సగటున రెండుచోట్లా దాదాపు ఒకేలా బాగుపడ్డారు. చిన్న స్టడీనే, అయినా అది చదివినాక "మా స్పెషల్ టెక్నిక్" అని వేలకు వేలు ఫీజు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తాది.

కాబట్టి ఇకమీదట ఇట్లాంటి వార్త వేసేటప్పుడు ఎవురితో పోల్చి చెప్తున్నారని మీ రిపోర్టరును అడగమనండి, జవాబు రాకపోతే రాలేదనే వేయండి. సెంటరోళ్ళు అలిగి యాడ్‌లు ఆపేస్తారేమో, అది మీరూ వాళ్ళూ చూసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి