చెత్త సైజు చెప్పని వార్తలు

సంపాదకులకు,

శ్రీహరికోట రాడార్ మన ఉపగ్రహాలను అంతరిక్ష చెత్త నుంచి కాపాడేస్తుందన్న ధోరణిలో తరచూ వార్తలు వస్తున్నాయి. ఎంత సైజు ముక్క, ఎంత దూరంలో అన్న ఆ రెండు అంకెలు లేకుండా అలాంటి వార్త వేయవద్దని మనవి.

షార్‌ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం)లోని ఎంఓటీఆర్, అంటే పలు వస్తువులను వెంబడించే రాడార్, ఒకేసారి 10 వస్తువులను వెంబడించగలదు. అయితే వెయ్యి కిలోమీటర్ల దూరంలో దానికి ఆనేది దాదాపు 50 సెం.మీ. వస్తువు. ఇది దాని లోపం కాదు. అది వాడే ఎల్-బ్యాండ్ రేడియో తరంగం పొడవు 20 సెం.మీ. పైమాటే. ముక్క అంతకన్నా బాగా చిన్నదైతే, సైజు సగమైన ప్రతిసారీ తిరిగొచ్చే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. ట్రాన్స్‌మిటర్ శక్తి రెట్టింపు చేసినా ఆ గండి పూడదు.

పోనీ తరంగం పొడవు తగ్గిస్తే? అమెరికాలోని హేస్టాక్ రాడార్ 3 సెం.మీ. తరంగంతో, 36 మీటర్ల డిష్‌తో అర సెంటీమీటరు ముక్కలనూ పసిగడుతుంది. కానీ దాని కిరణం మరీ సన్నం. డిష్‌ను ఒక దిక్కున నిలిపి, అడ్డొచ్చిన వాటిని లెక్కపెట్టుకోవాలి. ముక్క సెకనులో చిన్న వంతులోనే దాటిపోతుంది కాబట్టి కక్ష్య తేలదు. ఏ ఎత్తులో ఎంత చెత్త ఉందో తెలుస్తుంది, మన ఉపగ్రహం వైపు ఏది వస్తోందో తెలియదు.

ప్రమాదమంతా మధ్యరకం సైజు ముక్కలతోనే. 1 నుంచి 10 సెం.మీ. ముక్కలు సుమారు 12 లక్షలని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా. సెంటీమీటరు అల్యూమినియం గుండు బరువు 1.4 గ్రాములే. సెకనుకు 10 కి.మీ. వేగంతో తగిలితే, 1,400 కిలోల కారు గంటకు 36 కి.మీ. వేగంతో గుద్దినంత శక్తి. 2016 ఆగస్టులో ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-1ఏ సౌరఫలకాన్ని తాకినది అంతకన్నా చిన్నది, కొన్ని మిల్లీమీటర్ల రేణువు. దెబ్బతిన్న మేర 40 సెం.మీ.

కక్ష్య తెలిసినవాటితోనూ తిప్పలే. తేలికపాటి ముక్కలను గాలి ఎక్కువగా లాగుతుంది. సూర్యుడు రేగితే పైవాతావరణం ఉబ్బి, కొద్ది రోజుల్లోనే అంచనా కిలోమీటర్ల మేర తప్పుతుంది. అందుకే హెచ్చరికలన్నీ సంభావ్యత లెక్కలే. 2023 జులైలో పీఎస్ఎల్వీ-సీ56ను నిమిషం ఆలస్యంగా వదిలింది అలాంటి లెక్క చూసుకునే.

కనపడని చెత్తకు చౌకైన మందు, దాన్ని పుట్టించకపోవడం. 2001 డిసెంబరులో మన పీఎస్ఎల్వీ-సీ3 చివరి దశ, మిగిలిపోయిన ఇంధనం వల్ల కక్ష్యలోనే పేలింది. సీ4 నుంచి ఆ మిగులును బయటికి వదిలేస్తున్నారు. ఆ ఒక్క పేలుడులో పుట్టిన ముక్కల్లో, రాడార్లు గుర్తించి జాబితాకెక్కించినవే 300 పైచిలుకు. అంతకన్నా చిన్నవి ఏ జాబితాలోనూ లేవు.

— ఒక పాఠకుడు, సూళ్లూరుపేట